పన్నెండో నెంబరు చెట్టు సంతకం పెట్టలేదు

ప్రహరీల విభాగం గుమస్తాగారికి,

ప్లాటు నెంబరు పన్నెండు నుంచి కుట్టుమిషనావిడ నమస్కరించి రాస్తున్నది. మీరూ మీ ఫైళ్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మేము సగం కులాసా.

మా ఆయన ముప్పై నాలుగేళ్లు పోస్టుమాన్‌గా చేసి తొమ్మిదేళ్ల కింద రిటైరయ్యాడు. ఉద్యోగం రిటైరయింది గానీ కాళ్లు కాలేదు. ఏడాదిగా మతిమరుపు ముదిరింది. పొద్దున ఎనిమిది కొట్టేసరికి సంచీ భుజాన వేసుకుని బట్వాడాకు బయల్దేరతాడు. వెళ్లడం గుర్తుంటుంది, రావడం ఉండదు. పోయిన నెల రెండు రోజులు కనిపించలేదు. చివరికి పక్క ఊరి బస్సు డిపోలో దొరికాడు. ప్రయాణికుల దగ్గర టికెట్లు తీసుకుని వేరే ప్రయాణికులకు పంచుతున్నాడట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంకోసారి దొరక్కపోతే మాత్రం నేనేమైపోతానో నాకే తెలియదు.

తాళం వేస్తే తలుపు దగ్గర నిలబడి ఏడుస్తాడు. గోడ అంటే జైలంటాడు. చెట్లంటే పేచీ లేదు. మా ఇంటికి వెనకవైపు గోడ ఉంది. మిగతా మూడువైపులా ముళ్లచెట్లు నాటి కంచెలా పెంచుదామని నా ఆలోచన. మీ ఆఫీసు చుట్టూ ఉన్న సీమచింత కంచెను చూశాను. పిల్లి కూడా చుట్టు తిరిగి పోతోంది. దయచేసి రెండు గుప్పెళ్ల గింజలు ఇప్పించండి.

ఇట్లు,
కుట్టుమిషనావిడ

తా.క. ఈ ఉత్తరం ఆయనకు తెలియకుండా డబ్బాలో వేస్తున్నాను. చూస్తే తనే తెచ్చిస్తానంటాడు.

*

అర్జీదారుగారికి,

మీ ఉత్తరం అందింది. గింజలు ఆఫీసు ఆస్తి కనుక ఇవ్వడం కుదరదు. అదీగాక ఏ కంచెకైనా ముందు అనుమతి కావాలి. ఫారం జతచేశాను. కంచె ఎత్తు, అంతస్తులు, కట్టే మేస్త్రీ పేరు, పని పూర్తయ్యే తేదీ తప్పక నింపాలి. ఖాళీ వదిలితే ఫారం చెల్లదు.

ఒక సూచన. మా విభాగంలో పని తగ్గించే నిమిత్తం ఉత్తరాల లోపల ఎవరి పేరూ రాయము. కవరు మీద ఎవరి చిరునామా ఉంటే ఉత్తరం వారిది. అందులో చెప్పినది అమలు చేయవలసిందీ వారే.

ఇట్లు,
ప్రహరీల గుమస్తా

తా.క. మా కంచెను మెచ్చుకున్నందుకు సంతోషం. ముప్పై ఏళ్లుగా దాన్ని దాటి ఎవరూ లోపలికి రాలేదు. జనం గేటులోంచి వస్తున్నారు. అదొక్కటే ఆపలేకపోయాం.

*

గుమస్తాగారికి,

నమస్కారాలు. ఫారం నింపి పంపుతున్నాను. ఆలూ లేదు చూలూ లేదు, కంచె ఎత్తెంత అని అడిగితే ఏం చెప్పను? "చెట్టునడిగి చెబుతాను" అని రాశాను. అంతస్తులు: పిచ్చుకలు కాపురం పెడితే ఒకటి. మేస్త్రీ: వాన. పూర్తయ్యే తేదీ: చెట్లు పెరగడం మానేసిన రోజు.

మీరు గింజలివ్వకపోయినా మీ కాయలు గేటు బయట రోడ్డు మీద రాలుతున్నాయి. కొన్ని ఏరుకున్నాను. రోడ్డు మీద కాయలకు ఫారం ఉందేమో నాకు తెలియదు. ఉంటే పంపండి, నింపుతాను. గింజలు నీళ్లలో నానేస్తే రెండో రోజుకే మొలకలొచ్చాయి. నా టేపుతో కొలిచి మూరకొకటి చొప్పున నాటాను. మొక్క నడుమెత్తు రాగానే మోకాలి దగ్గర కత్తిరించాలట, అప్పుడే పక్కలకు గుబురుకడుతుందట. కత్తిరించడం నాకు ఒకరు నేర్పాలా?

సెలవు.

ఇట్లు,
కుట్టుమిషనావిడ

తా.క. ఇవన్నీ ఏమిటని ఆయన అడిగాడు. కొత్త కాలనీ వస్తోందన్నాను. పోస్టుమాన్ ఎవరని అడిగాడు. "మీరే" అని ఆయనతో అన్నాను. ఆ పూట రెండుసార్లు అడిగి అన్నం పెట్టించుకున్నాడు.

*

అర్జీదారుగారికి,

మీ ఫారం పై అధికారిగారికి పంపగా, "చెట్టునడిగి చెబుతాను" అన్నచోట "ఎప్పుడు?" అని రాసి వెనక్కి పంపారు.

అంతకన్నా పెద్ద సంగతి. కొత్త కాలనీ వస్తోందని మీరే మీ తా.క.లో ఒప్పుకున్నారు. కాలనీ అన్నాక లోపల రోడ్లు, మురుగుకాలువలు, పిల్లలు ఆడుకునే స్థలం చూపాలి. అనుమతి లేకుండా కాలనీ వేయడం కంచె వేయడం కంటే పెద్ద తప్పు. ఇన్‌స్పెక్టర్‌గారు స్వయంగా వచ్చి చూస్తారు. ఎప్పుడు వస్తారో చెప్పలేను. ఆయన నిరుడు వెళ్లవలసిన చోట్లకు ఈమధ్యే బయల్దేరారు.

ఇట్లు,
ప్రహరీల గుమస్తా

తా.క. ఇకమీదట దయచేసి తా.క.లు రాయకండి. మా పై అధికారిగారు అవే ముందు చదువుతారు.

*

గుమస్తాగారికి,

నమస్కారాలు. మీ ఇన్‌స్పెక్టర్ పదమూడు నెలలకు వచ్చారు. ఈలోగా నా కంచె ఛాతీ దాకా ఎదిగింది. ఆయన ఆలస్యం మా మంచికే.

అసలు సంగతి చెబుతాను, వినండి. తొంభై మొక్కలు బతికాయి. మా ఆయన ఒక్కో చెట్టు దగ్గరా ఆగి "పోస్ట్!" అని కేకేసి, సంచీలోంచి కాగితం తీసి ముల్లుకు గుచ్చుతాడు. నా మిషను దగ్గర మిగిలిన నమూనా కాగితాలే ఆయన సంచీ నిండా. ఎనభై నాలుగో చెట్టు దగ్గర ఆగిపోయి "ఇక్కడితో నా బీటు అయిపోయింది" అని వెనక్కి తిరిగేవాడు. ఆయన పాత బీటులో సరిగ్గా ఎనభై నాలుగిళ్లు. చివరి ఆరు మొక్కల్నీ పీకేసి ఆ మేర గేటు పెట్టాను. మిగతావాటికి గుడ్డమీద నెంబర్లు కుట్టి కట్టాను. ఇప్పుడు పొద్దున్నే బయల్దేరి, బీటు మొత్తం తిరిగి, భోజనం వేళకు ఇంట్లో ఉంటాడు. గేటు తీసివున్నా అటు చూడడు. అటు ఆయన బీటు కాదు కదా. కంచె లేకముందు ఒక్క పూట కుదురుగా మిషను తొక్కలేదు నేను.

ఒక్కటే చిక్కు. నా పెళ్లికి ముందు మా పుట్టింటివాళ్లం ఆ బీటులో నలభై ఒకటో నెంబరు ఇంట్లో ఉండేవాళ్లం. నేను కుర్చీ వేసుకుని నలభై ఒకటో చెట్టు నీడన కూర్చుని కుడతాను. నేను తన భార్యనని ఆయనకు చాలా రోజులు గుర్తుండదు. నలభై ఒకటో ఇంటి అమ్మాయినని మాత్రం గుర్తే. ఆ చెట్టుకు మాత్రం కాగితం గుచ్చడు. రోజూ సంచీ అంతా వెతికి, "ఈ రోజు కూడా మీకేం రాలేదండీ" అని చెప్పలేక చెబుతాడు. ఫరవాలేదండీ అంటాను. నమూనా కాగితం ఇవ్వండంటే, ఇవి మీవి కాదంటాడు. మీ ఆఫీసు ఉత్తరాల మీద "ప్లాటు నెంబరు పన్నెండు" అని ఉంటుంది గనుక అవన్నీ పన్నెండో చెట్టుకు వెళ్తాయి. ఆయన ముందుకు పోయాక నేను వెళ్లి తీసుకుంటాను.

ఇదంతా ఇన్‌స్పెక్టర్‌గారికి చెబుదామంటే ఆయన గేటులోంచి రాలేదు. కంచె మీంచి చూడబోయారు.

ఇట్లు,
కుట్టుమిషనావిడ

తా.క. తా.క. వద్దన్నారు గానీ ఇది మీ ఆఫీసు ఆస్తి సంగతి. ఇన్‌స్పెక్టర్‌గారి చొక్కా కుడిచెయ్యి అరవై మూడో ఇంట్లో ఉండిపోయింది. మిగతా చొక్కా పంపితే కుట్టిస్తాను.

*

అమ్మా,

మీ వివరణ చదివాను. ఫైల్లో పెట్టాను. కానీ ఇన్‌స్పెక్టర్‌గారి రిపోర్టు ముందు పెట్టారు, మీది వెనక పడింది. ఆయన రాసినది యథాతథంగా: "లోపల నెంబర్లు వేసిన ఎనభై నాలుగు కట్టడాలు గలవు. మధ్యన రోడ్లు లేవు. నివాసులు కనబడలేదు. పోస్టు మాత్రం సక్రమంగా అందుతున్నది."

మూరెడు చోటులో ఒక ఇల్లెలా పడుతుందని నేను అడిగాను. అందుకే కదా అది నేరమన్నారు పై అధికారిగారు. కంచె తొలగించమని ఉత్తర్వు తయారైంది. రిజిస్టర్ పోస్టులో వస్తుంది. అందిన ఏడు రోజుల్లో తీసేయాలి, లేకుంటే మా మనుషులు గొడ్డళ్లతో వస్తారు.

మా అమ్మ కంటి ఆపరేషన్ ఉండి నేను మూడు వారాలు సెలవులో వెళ్తున్నాను. జనన మరణాల విభాగం నుంచి ఒకాయన నా కుర్చీలో కూర్చుంటారు.

ఇట్లు,
ప్రహరీల గుమస్తా

తా.క. "ఉత్తర్వు అమలైనది" అని రిజిస్టరులో ఎక్కితే ఫైలు మూసేస్తాం. ఒకసారి మూసిన ఫైలును మా ఆఫీసులో తెరిచిన దాఖలా లేదు. అది ఎక్కేదాకా మాత్రం నా చేతిలో ఏమీ లేదు. క్షమించండి.

*

గుమస్తాగారికి,

నమస్కారాలు. మీ అమ్మగారి కన్ను ఎలా ఉంది? చుక్కలు వేళకు వేయండి.

మీ రిజిస్టరు కవరు వచ్చింది. కానీ నాకు అందలేదు. ఇప్పటి పోస్టావిడ మా ఆయన దగ్గర పని నేర్చుకున్న మనిషి. మా ఉత్తరాలన్నీ గేటు దగ్గర ఆయన చేతికే ఇస్తుంది. ఆయన ఈ కవరు పట్టుకుని పన్నెండో చెట్టు దగ్గరికి వెళ్లి, సంతకం పెట్టండి అని కలం చాపాడు. చెట్టు పెట్టలేదు. రెండో రోజూ వెళ్లాడు. మూడో రోజూ వెళ్లాడు. ఆ తర్వాత పాత చిరునామా కొట్టేసి, "మూడు దఫాలు అడిగినా సంతకం పెట్టలేదు. పంపినవారికి వాపసు" అని రాసి, దాని కింద మీ ఆఫీసు చిరునామా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పోస్టావిడకు అప్పజెప్పాడు. పెద్దాయన మాట కాదనలేక ఆవిడ పట్టుకుపోయింది.

నేను సంచీలోంచి లాక్కోవచ్చు. ఒకరి ఉత్తరం ఇంకొకరి చేతికివ్వకుండా ముప్పై నాలుగేళ్లు నడిచిన మనిషి దగ్గర లాక్కోవడానికి చెయ్యి రాలేదు. అందులో ఏముందో నాకు తెలుసు. మళ్లీ పంపించండి, ఈసారి మామూలు పోస్టులో.

గొడ్డళ్లతో వచ్చేవాళ్లకు మాత్రం ఒక మాట చెప్పి పంపండి. ఆయన ఎదురుగా నరకొద్దు. ఎనభై నాలుగిళ్ల వాళ్లూ ఎక్కడికి పోయారని అడుగుతాడు. అడిగి వెతకడానికి బయల్దేరతాడు. ఈసారి దొరకడు. నాకు చాలా భయంగా ఉంది.

ఇట్లు,
కుట్టుమిషనావిడ

తా.క. ఇన్‌స్పెక్టర్‌గారి చొక్కా వచ్చింది. చెయ్యి కుట్టేశాను. పొట్ట దగ్గర కూడా కాస్త వదులు చేశాను, అడక్కపోయినా.

*

అమ్మా,

అమ్మ కన్ను బాగుంది. చుక్కలు వేళకే వేస్తున్నాను.

నిన్న సెలవు నుంచి తిరిగొచ్చాను. బస్సు మలుపు తిరగ్గానే మా ఆఫీసు కనిపించింది. ముప్పై ఏళ్లలో అది రోడ్డు మీదికి కనపడటం ఇదే మొదలు. జనం నాలుగువైపుల నుంచీ వస్తున్నారు. వరండాలో మేకలు. నా కుర్చీ పక్కన ఒక మేక నిలబడి నిరుటి అర్జీలు పరిశీలిస్తోంది.

జరిగింది ఇది. జనన మరణాలాయనకు ఒక కవరు వచ్చింది. కవరు మీద మా ఆఫీసు చిరునామా ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. లోపల ఎవరి పేరూ లేదు. మా ముద్ర ఉంది, మా పై అధికారిగారి సంతకం ఉంది. "మీ ఆవరణ చుట్టూ అనుమతి లేకుండా పెరిగిన ముళ్లకంచెను ఏడు రోజుల్లో తొలగించండి" అని ఉంది. కవరు మీద ఎవరి చిరునామా ఉంటే అమలు చేయవలసింది వారే కదా. ఆయన పాత రిజిస్టర్లు తిరగేశాడు. మా కంచెకు అనుమతి లేదు. ముప్పై ఏళ్లుగా లేదు. నాలుగు రోజుల్లో మొత్తం నరికించి, మూడు రోజులు ముందే ముగించినందుకు మెప్పు కోసం చూస్తున్నాడు. కంచే చేను మేసిందంటారు. మా దగ్గర ఆఫీసే కంచెను మేసింది, మిగిలింది మేకలు మేశాయి.

ఉత్తర్వు నెంబరు మీ ఫైలుది. దాని ఎదురుగా "అమలైనది" అని ఎక్కింది. పై అధికారిగారు మేకను తోలుతూ సంతకం పెట్టారు. ఫైలు మూసేశాం. కనుక రికార్డు ప్రకారం మీ కంచె తీసేశారు. లేని కంచెను మళ్లీ తీయించడానికి ఫారం ఉందేమోనని బీరువాలన్నీ వెతికాను. లేదు. మీ ఎనభై నాలుగిళ్లనూ ఇక ఎవరూ ముట్టుకోరు.

మా చెట్లు పోయాయి గానీ వాటి పిల్లలు మీ దగ్గర ఉన్నాయి. అవి కాసినప్పుడు దయచేసి రెండు గుప్పెళ్ల గింజలు ఇప్పించండి. ఫారం నేనే నింపుకున్నాను. ఎత్తు అన్నచోట "చెట్టునడిగి చెబుతాను" అని రాశాను.

ఇట్లు,
ప్రహరీల గుమస్తా

తా.క. ఈసారి కవరు మీద ప్లాటు నెంబరు వేయలేదు. "ఇంటి నెంబరు నలభై ఒకటి, అమ్మాయిగారికి" అని రాశాను. ఆయన తెచ్చి చేతికిచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి. కాస్త ఆలస్యమవుతుంది, ముందు నలభై ఇళ్లున్నాయి కదా.