ముసల్ది ఎట్లుంది?

నాంపల్లి,
ఆదివారం

రామచందర్ తాతయ్యకు ప్రణవి నమస్కారాలు.

మీకు ఫోన్‌లో సగం వినపడదని, మిగతా సగం మీరు వినరని నాన్న అంటాడు. అందుకే ఈ ఉత్తరం. పైగా నేనిప్పుడు బి.ఏ. తెలుగు. ఈ పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత నిఘంటువు కొన్నాను. ఇకమీదట ఒక్క ఇంగ్లీషు మాట కూడా రాయనని ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టు రేపటి నుంచి.

అసలు సంగతి. నానమ్మ ఫియట్ కారు మొరాయిస్తోంది. నెలాఖరులోగా తనంతట తాను కదలకపోతే తుక్కుకు ఇచ్చేస్తానని నాన్న తేల్చేశాడు. నానమ్మ అది విని లేచి వెళ్లి కారు ముందు సీట్లో కూర్చుంది. ఇంకా దిగలేదు.

డిక్కీలో జనార్దన్ తాతయ్య వ్యాక్యూమ్ మీటర్ దొరికింది. గుండ్రటి ముఖం, ఒక ముల్లు, ఒక గొట్టం. ఇంజన్ జబ్బేమిటో అది చెబుతుందట కదా. మీరిద్దరూ దానితోనే చూసేవారట. ఎలా చూడాలో రాస్తారా?

మీ మనుమరాలు,
ప్రణవి

తా.క. మీకు రాస్తున్నానని నానమ్మకు చెప్పలేదు. మీ పేరెత్తితే టీవీ సౌండ్ పెంచుతుంది.


మహబూబ్‌నగర్,
గురువారం

బిడ్డా ప్రణవీ, సల్లగుండు.

ఉత్తరం అందింది. మా పోస్ట్‌మన్ గూడ ఇటు తిప్పి అటు తిప్పి చూసి ఇచ్చిండు.

ఇంజన్ స్టార్ట్ చేసి జర వేడి కానియ్యి. కార్బురేటర్ కింద గొట్టం తగిలిచ్చే మూతి ఉంటది, గాడ పెట్టు. ఇంజన్ గాలి పీలుస్తది గద, గా పీల్చే బలమే మీటర్ చూపెడ్తది. ముల్లు పదిహేడుకు, ఇరవైకి నడుమ కదలకుంట నిలబడ్తే మంచిగున్నట్టు. గజగజ వణికితే వాల్వు పోయినట్టు, గప్పుడు ఫికర్ చెయ్యాలె. వణకదు గని కిందనే ఉంటదా, యాడ్నో గాలి దూరుతున్నట్టు. రబ్బరు పైపులు చూడు.

మీ తాత, నేను ఐతారం ఐతారం బానెట్ లేపి డాక్టర్ల లెక్క నిలబడేటోళ్లం. మా అక్క, గదే మీ నానమ్మ, చాయ్ పట్టుకొచ్చి "మీ పేషెంటు బతుకుతదా?" అని అడిగేది. నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు గా బండ్లనే ఏడుగురం ఇరుక్కొని పోతుంటిమి. మిర్చి బజ్జీల నూనె మరక ఎనుక సీటుకు ఇంక ఉండాలె, చూడు.

గసుంటి అక్క మూడేండ్ల సంది నాతోని మాట్లాడదు. ఎందుకో నాకిప్పటికీ తెల్వది.

నీ తాత,
రామచందర్

తా.క. ముసల్ది ఎట్లుంది? దాని మొఖం చూడక ఎన్ని రోజులాయెనో. దాచకుంట రాయి.


నాంపల్లి,
మంగళవారం

గౌరవనీయులైన తాతయ్యకు,

ఒట్టు అమల్లోకి వచ్చింది. ఇక అంతా తెలుగే.

ముసలిది ఎలా ఉందని అడిగారు. దాచకుండా రాస్తున్నాను. పొద్దున లేపితే దగ్గుతుంది, పొగ వదులుతుంది, కాసేపు ఊగి చల్లబడిపోతుంది. మీరు చెప్పినట్టే శూన్యమాపకం గొట్టం తగిలించాను. ముల్లు వణకలేదు కానీ పది దాటలేదు. అంటే కవాటాలు బాగున్నాయి, శ్వాసనాళానికే ఎక్కడో చిల్లు పడింది. నిన్న నలుగురం కలిసి నడిబజారులో తోసి చూశాం. లాభం లేదు. మొన్నటి నుంచి బయటే ఉంచాం. రాత్రి వాన పడితే బరకం కప్పాం.

నాన్న మనసు కరగలేదు. మనుషులతో మాట్లాడేశాడు. నెలాఖరు శనివారం వచ్చి తీసుకుపోతారు.

దిగులుతో,
ప్రణవి

తా.క. నూనె కారడం మాత్రం ఆగలేదు. కింద పళ్లెం పెట్టాం.


మహబూబ్‌నగర్,
శుక్రవారం

ప్రణవీ,

ఆశీస్సులు తర్వాత ఇస్త.

శూన్యమాపకం అంటే మా మీటరేనా? కారుకు పెట్టుమంటే మనిషికి పెట్టిన్రా? గొట్టం యాడ పెట్టిన్రో నాకు రాయకు, నేను తట్టుకోలేను. పొగ అంటున్నవు, మా అక్క చుట్ట ఎప్పటి సంది తాగుతుంది? గంత పెద్దమనిషిని నలుగురు గల్సి బజార్ల తోస్తరా? వానల బయట ఉంచి బరకం కప్పుతరా?

నమ్మబుద్ధిగాక మీ నాయినకు ఫోన్ చేసిన. "ముసల్ది ఎట్లుందిరా" అంటే, "దాని పని అయిపోయింది మామా, ఉంచుకుంటే జాగ దండగ" అన్నడు. కన్నతల్లిని. నేను ఫోన్ పెట్టేసిన.

ఏ ముసలోళ్ల ఆశ్రమపోళ్లు వచ్చినా అక్కను పంపకుండ్రి. నెలాఖరు శనివారం పొద్దుగాల కాచిగూడల దిగుతున్న. అక్కను నా ఇంటికి తీస్కపోత. చిన్నప్పుడు సుల్తాన్ బజార్ల నేను తప్పిపోతే, ఎతికి పట్టుకొని సంకన ఎత్తుకొని నడిచొచ్చిన మనిషి. మాట్లాడకున్న మంచిదే, నా ఇంట్ల కూసొని మాట్లాడకుంట ఉంటది.

రామచందర్

తా.క. ఇంతకు కారు సంగతి రాయనే లేదు. దానికి మీటర్ పెట్టినవా లేదా?


నాంపల్లి,
సోమవారం

తమ్ముడు రామచందర్‌కు అక్క సౌభాగ్య దీవెనలు.

నీ ఉత్తరం పట్టుకొని పిల్ల నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక నా ముందట నిలబడ్డది. గుంజుకొని చదివిన.

నాకు ఎవ్వరు గొట్టం పెట్టలేదు. చుట్ట తాగుతలేను. తోసింది కారును, బరకం కప్పింది కారుకు. నువ్వు అడిగింది నా సంగతి, పిల్ల చెప్పింది బండి సంగతి. మన మాటల ఆడమనిషి గూడ 'అది'నే, బండి గూడ 'అది'నే. దీనికి నిఘంటువుల గూడ మందు లేదంటుంది ప్రణవి.

నువ్వు చెప్పినట్టే రబ్బరు పైపు పగిలి ఉన్నది. కొత్తది ఏసినంక ముల్లు పందొమ్మిది కాడ మేకు కొట్టినట్టు నిలబడ్డది. నిన్న ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాక పోయొచ్చినం. నీ మేనల్లుడు నోరు మూసుకొని ఎనుక సీట్ల కూసున్నడు, నూనె మరక మీద. తుక్కువాళ్లను రావొద్దని వాడే చెప్పిండు.

గిప్పుడు నవ్వు ఆపి ఒక్కటి చెప్పు. మూడేండ్ల కింద నుమాయిష్ గేటు కాడ నేను కార్ల కూసొని ఉన్న. నువ్వు బయట నిలబడి నా కొడుకుతోని, "ముసల్దాని మీద ఇంకెంత పెట్టినా దండగరా, యాడికన్న పంపియ్యి" అన్నవు. అద్దం దించే ఉండె. అంత విన్న. గా దినం సంది నీ మొఖం చూడలె.

నీ ఉత్తరం చదివినంక నాకు అనుమానమొచ్చింది. గా ముసల్ది ఎవరు తమ్మీ?

రాయకు. శనివారం కాచిగూడ స్టేషన్ బయట, ముసల్దాంట్ల ఈ ముసల్ది కూసొని ఉంటది. వచ్చి చెప్పు.

నీ అక్క,
సౌభాగ్య

తా.క. జవాబు కారే అయితే జర మెల్లగ చెప్పు. అది వినొద్దు.