తోరికి సయించిన జావ

సూన్‌గ్యు అన్నయ్యా,

ఓడ ఏ రేవులో ఆగినా ముందు ఈ ఉత్తరమే చదువు. నీ కుక్క తోరి తింది! తిన్నది కడుపులో నిలిచింది కూడా!

నువ్వు దాన్ని మా ఇంట్లో వదిలి ఓడ ఎక్కినప్పటి నుంచి ఏం పెట్టినా వాంతులే. కోడిమాంసం ప్యాకెట్టూ పడలేదు, గొర్రెమాంసం ప్యాకెట్టూ పడలేదు. ఖరీదైన డబ్బా తిండి తిని మా అత్తగారి చెప్పుల్లో కక్కింది. చివరికి లేవడమే మానేసింది. డాక్టరుగారు చూసి, "తిండి మార్చింది చాలమ్మా. ఒకే రకం చేప, ఒకే రకం గింజ, ఉప్పు లేకుండా పెట్టి చూడండి" అన్నారు.

నిన్న పొద్దున వంటింట్లోకి వెళ్తే, కుక్క గడప దాటకూడదనే మా అత్తగారే ఎండుచేపను నీళ్ళు మార్చి మార్చి నానబెడుతున్నారు!

"ఏమిటత్తయ్యా ఇది?"

"నోరు మూసుకుని బియ్యం కడుగు. ఉప్పు దిగకపోతే మీ అన్న కుక్క చస్తుంది, ఆ పాపం నాకు చుట్టుకుంటుంది."

ముళ్ళు ఏరి, జావ కాచి, ఊది ఊది చల్లార్చి పెట్టారు. తోరి గిన్నె ఖాళీ చేసి, ఇల్లంతా గంతులేసింది. అత్తగారు "మెల్లగా, పిచ్చిదానా!" అంటూ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే నెల దాన్ని తీసుకెళ్తానన్నావని అత్తగారికి భయపడుతూనే చెప్పాను. "రానీ, వాడికీ ఇంత జావ పోస్తాను. తాగి ఒక్కడే వెళ్ళమను" అన్నారు.

అన్నయ్యా, నువ్వే వచ్చి అడుగు. నావల్ల కాదు.

నీ చెల్లెలు