కొత్త కెమెరా, పాత వెలుగు

ప్రియమైన వదినకి,

ఫోన్‌లో నోరు రాక రాస్తున్నాను. మైక్రోస్కోపు శిక్షణ బాగానే సాగుతోంది. నిన్న మాస్టారు మెరిసే రంగు ఎక్కించిన బతికున్న కణాలను రెండు గాజు పళ్లాల్లో పెట్టారు. ఒకదాని మీద తక్కువ కాంతి, రెండోదాని మీద ఎక్కువ కాంతి వేయించారు. గంట తిరిగేసరికి రెండోదాంట్లో కణాలన్నీ ముడుచుకుపోయి పగిలాయి. "కొత్త కెమెరాకి చూపు ఎక్కువమ్మా. పాతదానికి పెట్టినంత వెలుగు పెడితే చంపేసినట్టే" అన్నారు.

మన ల్యాబు మైక్రోస్కోపుకి కొత్త కెమెరా వచ్చాక కూడా నేను పాత వెలుగే పెట్టాను. నువ్వు పెంచి ఇస్తే నా దగ్గర చచ్చిపోయిన కణాలకి ఏ రోగమూ లేదు వదినా. తెలియక జరిగింది, క్షమించు.

నీ ఆడపడుచు

అమ్మాయ్,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "దానికి చిన్నప్పట్నుంచీ అంతే, టార్చిలైటు ఇస్తే మన మొహం మీదే వేసేది" అన్నారు. చాన్నాళ్లకి నవ్వాను. తెలియక చేసినదానికి క్షమాపణ ఎందుకే? ల్యాబు మేడం నన్ను కణాలు పెంచే గదిలోంచి తీసి గాజుసామాను కడగడానికి వేసిన దగ్గర్నుంచీ, నా చేతుల్లోనే ఏదో మురికి ఉందని మోచేతుల దాకా రుద్దుకుంటున్నాను. పాపకి పాలు కలపాలన్నా భయమేసేది. అది తీరింది.

ఒక్కటే అర్థం కాలేదు. నావి పారేశాక తెప్పించిన కొత్త కణాలు నీ దగ్గర మొదటి రోజునుంచే బతికాయి కదా. అదే కెమెరా, అదే వెలుగు అయితే అవెలా బతికాయి?

ప్రేమతో, వదిన

వదినా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు.

అవి బతికింది నేను వెలుగు తగ్గించాను కాబట్టి. నువ్వు పారేయడానికి ముందురోజు మధ్యాహ్నం, అనుమానమొచ్చి నీ పళ్లెం ఒకటి తక్కువ వెలుగులో పెట్టి చూశాను. కణాలు నాలుగు గంటలు చక్కగా ఉన్నాయి. రెండు కణాలు చీలి నాలుగయ్యాయి కూడా. అప్పటికే మేడం అందరి ముందూ నిన్ను అనేశారు. నోరు విప్పితే ఆ మాటలు నాకు పడతాయని ఊరుకున్నాను. తెలియక జరిగిందని రాసింది అబద్ధం.

ఇదంతా మేడంకి రాశాను, ఆ రోజు తీసిన బొమ్మలతో సహా. ఆవిడ ఏమన్నా పడతాను.

మర్నాడు నువ్వు ఆరేళ్లుగా పెంచిన కణాల్లో మందు పోసి చంపుతుంటే, సీసాల మూతలు తీసి ఒక్కొక్కటే అందించింది నేను. "నువ్వైనా పక్కనున్నావే" అన్నావు.

ఊఁ అన్నాను.

ఆడపడుచు