మణికట్టు సమ్మె

సోమవారం

పురుగుల పుస్తకం వేస్తున్న ప్రచురణ సంస్థ కార్యాలయ నిర్వాహకురాలు గారికి,

నా ఎనిమిది నెలల జీవితాన్ని దోచుకున్నారు. దోచుకున్నది మీ ఆఫీసు. ఈ మాట కోపంలో అంటున్నది కాదు. కోపం పొద్దున్నే వచ్చింది. సాయంత్రం దాకా ఆగి చూశాను, తగ్గలేదు, అందుకని రాస్తున్నాను. నోటిమాట గాలికి పోతుంది కాబట్టి ఫోనులో కాకుండా కాగితం మీద రాస్తున్నాను.

మీ పిల్లల పుస్తకానికి బొమ్మలు వేస్తున్నవాణ్ణి నేను. ఇంట్లో, కిటికీ పక్కన బల్ల వేసుకుని పనిచేసేవాణ్ణి. నాకు హాజరుపట్టీ లేదు, గంట కొట్టేవాళ్లు లేరు, సెలవు అడుగుదామంటే పైన ఎవరూ లేరు. అదే మీకు అలుసైంది. రోజూ పొద్దున్న ఆరింటికి మీ ఫోను: ఇవాళ ఏ పురుగు? పన్నెండింటికి మళ్లీ: పురుగు ఎంతవరకు వచ్చింది? నాలుగింటికి: పురుగు అయిపోయిందా? ఆదివారమైనా ఇదే వరస. మొన్న జెర్రి బొమ్మ పంపితే, ఒక కాలు తక్కువైనట్టుంది చూడండి అన్నారు. నలభై రెండు కాళ్లు వేశాను. ఒక్కో కాలికి మూడు కీళ్లు, కీలు కీలుకీ నీడ. వేసింది మనిషి చెయ్యి అనుకున్నారా, మీ అచ్చుయంత్రం అనుకున్నారా?

ఆ చెయ్యి సంగతే చెప్పాలి. కుడి మణికట్టు వాచింది. పొద్దున్న లేచేసరికి బొటనవేలూ చూపుడువేలూ నావి కానట్టు ఉంటున్నాయి. ఎముకల డాక్టరు నొక్కి చూసి, మూడు వారాలు పెన్సిలు ముట్టుకోవద్దన్నాడు. ముట్టుకుంటే ఆ తరవాత పట్టుకుందామన్నా పట్టు ఉండదట. నలభై పురుగుల్లో ఇరవై మూడే అయ్యాయి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నా బొమ్మలతో వస్తున్న మొదటి పుస్తకం ఇది. నేను చెయ్యి వదులుకోవాలా, పుస్తకం వదులుకోవాలా, మీరే చెప్పండి.

‘శ్రమించే చేతికి ఎనిమిది గంటలు’ అనే కరపత్రం మూడుసార్లు చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లు ఆపండి. ఆదివారం నాకు వదిలేయండి. ఇవి కోరికలు కావు, హక్కులు.

ఇట్లు,
యంత్రం కాని చిత్రకారుడు

తా.క. ఇది రాస్తుండగా నాలుగింటి ఫోను వచ్చింది. పురుగు వేస్తున్నానని అబద్ధం చెప్పాను. నిజాయితీగల మనిషిని అబద్ధాలకోరును చేసిన పాపం కూడా మీ ఖాతాలోదే.


బుధవారం

గౌరవనీయులైన చిత్రకారుడు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఆఫీసులో అందరం చదివాం. చాలా బాగా రాశారు, ముఖ్యంగా రెండో పేరా.

మీరు అడిగినది నాలుగో నియమం కిందికి వస్తుంది. ఫోన్లు ఆపమంటే ఆపకూడదు, ఇంకొకటి కలపాలి. కాబట్టి రేపటి నుంచి సాయంత్రం ఏడింటికి కూడా చేస్తాం. ఆదివారం సంగతి అయిదో నియమంలో ఉంది. అది ఇక్కడ రాసి మీ మనసు కష్టపెట్టడం నాకిష్టం లేదు.

చెయ్యి నొప్పి గురించి నియమాల్లో ఏమీ లేదు. మా ఇంట్లోనైతే వేన్నీళ్ల కాపడం పెడతాం. మీరూ పెట్టి చూడండి.

ఇట్లు, మీ మేలు కోరే,
కార్యాలయ నిర్వాహకురాలు

తా.క. జెర్రి కాళ్లు మళ్లీ లెక్కపెట్టాం. సరిపోయాయి. ఒకటి కాగితం మడతలో పడింది.


శుక్రవారం

నియమాల యాజమాన్యానికి,

మీ ఉత్తరం చదివాక నాకు ఒక విషయం స్పష్టమైంది. బతిమాలుకునే దశ దాటిపోయింది. నిన్న పొద్దున్న ఆరు గంటల నుంచి నేను సమ్మెలో ఉన్నాను. నా బల్లకి అడ్డంగా తాడు కట్టాను. బల్లకి ఎదురుగా కుర్చీ వేసుకుని, నా బల్ల దగ్గరికి నన్ను నేనే వెళ్లనివ్వకుండా కాపలా కాస్తున్నాను. మీ ఫోను ఎన్నిసార్లు మోగినా తీయడం లేదు. పక్క గదిలో మిషను కుట్టుకునే మా చెల్లి లేచి తీయాల్సి వస్తోంది. అది కూడా మీ వల్లనే.

చెల్లికి ఉద్యమాలు అర్థం కావు. అయిదు కాగానే మిషను మీద గుడ్డ కప్పేసి లేచిపోతుంది. సగం కుట్టిన జాకెట్టు సూది కిందే ఉన్నా సరే. ఇంత పట్టుదల లేని మనిషి చేతివృత్తిలో ఎలా నిలబడుతుందని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. నిన్న సాయంత్రం అలాగే లేచి వచ్చి నా సమ్మె బోర్డు చూసింది.

“అన్నయ్యా, సమ్మె అంటే పని మానేయడం కదా?” అంది.

అవునన్నాను.

“మరి ఈ బోర్డుకి పొద్దున్నుంచి తొమ్మిది గంటలు రంగు వేశావు. ఏ చేత్తో వేశావు?”

నేను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. బోర్డు మాత్రం బాగా వచ్చింది. అక్షరాలకు నీడ కూడా వేశాను.

మీ నియమాలు వెనక్కి తీసుకునే దాకా సమ్మె ఆగదు.

ఇట్లు,
తాడుకి ఇవతల ఉన్న చిత్రకారుడు

తా.క. మేడ దిగువ ఉండే ఇంటావిడ, మా తలుపు మీద నేను కట్టిన ఎర్ర గుడ్డ చూసి, రంగు ఇంకా ఆరలేదా అని అడిగింది. ప్రజల్లో చైతన్యం రావడానికి ఇంకా టైం పడుతుంది.


ఆదివారం

సమ్మెలో ఉన్న చిత్రకారుడు గారికి నమస్కారాలు.

సమ్మె చేస్తే గడువు వారం ముందుకు జరపాలని ఆరో నియమం. జరిపాం. ఇది రాయడానికి నాకేమీ సంతోషంగా లేదని దయచేసి గ్రహించండి.

మీ మనసులో పుస్తకం మానేద్దామని ఉందేమోనని ముందే ఒక మాట చెబుతున్నాను. అలా చేస్తే ఏడో నియమం ప్రకారం మిగిలిన బొమ్మలు గుర్రాల బొమ్మలు వేసే పెద్దాయనకి ఇవ్వాలి. ఆయన మంచివారే. కాని పురుగులు ఆయన చేతికి రావు. ఒకసారి నమూనాకి మిడతను వేయమంటే నాలుగు డెక్కలు పెట్టి, మెడ మీద జూలు కూడా వేసి పంపారు. పరిగెత్తడం మాత్రం బాగా పరిగెత్తుతోంది. కాబట్టి తొందరపడకండి.

ఇట్లు, మీ మేలు కోరే,
కార్యాలయ నిర్వాహకురాలు

తా.క. మీ చెల్లెలు గారు ఫోనులో చాలా మర్యాదగా మాట్లాడుతున్నారు. పన్నెండింటికి చేసినప్పుడు, ‘అన్నయ్య సమ్మెలో బిజీగా ఉన్నాడండీ’ అన్నారు.


మంగళవారం

ఎవరికో,

ఈ నియమాలు రాసింది ఎవరు? మనిషేనా? ఫోను ఆపమంటే ఇంకో ఫోను, ఆగితే గడువు ముందుకు, మానేస్తే నా పురుగులకి డెక్కలు. ఎటు తిరిగినా తలుపు మూసే ఉంది. నేను చదివిన కరపత్రాలన్నిటిలో ఇంత దుర్మార్గమైన యజమాని లేడు. అవతలివాడి గుండె ఎక్కడెక్కడ మెత్తబడుతుందో అన్నీ తెలిసి, అక్కడక్కడే మేకులు కొట్టాడు.

ఆ నియమాల నకలు నాకు పంపండి. రాసినవాడి పేరుతో సహా పంపండి. ఆ పేరు ఈ వీధిలో గోడ గోడకీ ఎర్ర రంగుతో రాస్తాను. అచ్చు వేయించి పంచుతాను.

పుస్తకం మానేస్తున్నాను. డెక్కలైనా పెట్టించుకోండి.

ఇట్లు,
చిత్రకారుడు

తా.క. ఇవాళ పొద్దున్న టీ గ్లాసు చేతిలోంచి జారి పడింది. జారుతున్నట్టు నాకు తెలియను కూడా తెలియలేదు. చప్పుడు విని కిందికి చూశాను. చెల్లి వచ్చి ఊడ్చింది. ఈ సంగతి మీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు.


గురువారం

బాబూ,

గ్లాసు పడిందని చదివాక నియమాలు పక్కన పెట్టేశాను. ఆఫీసులో ఎవరినీ అడగలేదు. నువ్వు అడిగిన నకలు ఇదే. ఎనిమిది నెలల కిందట, ఈ బొమ్మలు వేయడానికి నువ్వు ఒప్పుకున్న మర్నాడే మా ఆఫీసుకి వచ్చిన ఉత్తరం ఇది:

“అయ్యా, నేను పుట్టు బద్ధకస్తుణ్ణి. ‘విజయానికి పన్నెండు మెట్లు’ అనే కరపత్రం చదివాక నాకు కళ్లు తెరుచుకున్నాయి. సొంతంగా పనిచేసుకునేవాడి నెత్తిన కొరడా పట్టుకుని నిలబడే యజమాని ఉండడు. ఆ కొరడా మీరు పట్టుకోండి. కింది నియమాలు తప్పకుండా పాటించండి. నేను బతిమాలతాను, తిడతాను, వేరే కరపత్రాలు చూపిస్తాను. కరగవద్దు. ఈ ఉత్తరం సంగతి నాకు ఎన్నడూ గుర్తు చేయవద్దు. చేస్తే తప్పించుకునే దారి వెతుకుతాను.”

కింద సంతకం నీదే. సంతకం పక్కన చీమ బొమ్మ కూడా వేశావు.

మేము నిన్ను అడిగింది నలభై పురుగులు కాదు, పదహారు. రెండు వారాలకి ఒకటి. నలభై అన్నది నీ పదో నియమం: ‘పదహారు సోమరులకి.’ పదహారో పురుగు ఎప్పుడో అందింది. అక్కడితో పుస్తకం పూర్తయింది. ఆ తరవాత వచ్చిన ఏడింటికీ కథలు లేవు. రచయిత్రి పెద్దమనిషి. బొమ్మలు వచ్చాక కథ రాయకపోతే ఎవరి మనసైనా నొచ్చుకుంటుందేమోనని, నువ్వు పంపిన ప్రతి పురుగుకీ కూర్చుని కొత్త కథ రాస్తోంది. జెర్రి అందిన రోజున ఫోను చేసి, ఇంకా ఎన్ని ఉన్నాయి తల్లీ అని అడిగింది. పదిహేడు అన్నాను. అయితే ఇంకో సిరా బుడ్డి తెప్పించుకుంటానంది.

ఇంకో సంగతి. ఆరింటి ఫోను చేసేది నేనే. ఎనిమిది నెలలుగా అయిదున్నరకి లేస్తున్నాను, ఆదివారాలు కూడా. ఆ అబ్బాయి మనకి ఏమవుతాడని మా ఆయన రెండుసార్లు అడిగారు. నువ్వు అంత గట్టిగా రాసిస్తే, అది నీకు ప్రాణావసరం అనుకున్నాను. తప్పు నాది కూడా. నీ గొంతు నీరసంగా వినిపించిన మొదటి రోజే అడగాల్సింది.

మాకు నీ చెయ్యి కావాలి. పుస్తకం నీదే, ఎవరూ ఎక్కడికీ తీసుకుపోరు.

ఇట్లు,
కార్యాలయ నిర్వాహకురాలు

తా.క. గోడల మీద పేరు రాస్తానన్నావు. నీ పేరు చిన్నదే. అయినా ఎడమ చేత్తో రాయి.


శనివారం

అమ్మా,

దోపిడీ జరిగింది. చేసినవాడు దొరికాడు. ఎక్కడికీ పారిపోలేదు, ఇక్కడే కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. కుడి చేతికి మోచేతి దాకా కట్టు ఉంది కాబట్టి నేను చెబుతుంటే మా చెల్లి రాస్తోంది.

అలాంటిది రాసిన సంగతే మరిచిపోయాను కాబట్టి, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు సంతకం దొంగదనుకున్నాను. రెండోసారి చీమను చూశాను. చీమ మీసం అలా పక్కకి వంచి వేసేవాడు నాకు తెలిసి ఈ లోకంలో ఒక్కడే. మూడోసారి చదవలేక చెల్లికి ఇచ్చాను. అది చదివి నవ్వలేదు. నవ్వుతుందేమోనని చూశాను. లేచి వెళ్లి డాక్టరుకి ఫోను చేసింది.

ఎనిమిది నెలలు నేను యజమాని కోసం మీ ఆఫీసంతా వెతికాను. దుర్మార్గుడి చిరునామా నా దగ్గరే ఉంది. వాడు మీ నిద్ర తీసుకున్నాడు. ఒక పెద్దావిడ చేత అక్కర్లేని ఏడు కథలు రాయించాడు. మా చెల్లిని మిషను దగ్గర్నుంచి లేపాడు. వాడు చదివిన కరపత్రాలన్నీ పైవాణ్ణి ఎదిరించడం నేర్పాయి. పైవాడూ కిందివాడూ ఒకే కుర్చీలో కూర్చుంటే ఏం చేయాలో ఒక్కటీ చెప్పలేదు.

నియమాలన్నీ రద్దు. ఇరవై నాలుగో పురుగు లేదు. ఆ ఏడు పురుగుల్ని ఉంచుకోవాలో తీసేయాలో రచయిత్రి గారి ఇష్టం. తీసేస్తే నేను ఒక్క మాట అనను. మూడు వారాలు పెన్సిలు ముట్టను. నిన్న ఎడమ చేత్తో విశ్రాంతికి ఒక పట్టిక తయారు చేయడం మొదలుపెట్టాను: ఆరు నుంచి ఏడు కిటికీలోంచి చూడటం, ఏడు నుంచి ఎనిమిది ఏమీ ఆలోచించకపోవడం. ఎనిమిదింటి దాకా వచ్చేసరికి చెల్లి కాగితం చింపేసింది.

కాబట్టి విచారణ జరగాలి. నిందితుణ్ణి నేను. మీరూ, రచయిత్రి గారూ, మా చెల్లీ న్యాయమూర్తులు. మా మేడ మీది గదిలో కలుద్దాం. కాగితాలు, ఫైళ్లు, పెన్నులు తీసుకురావద్దు. మీ మీ ఇళ్లల్లో ఏ గంటకి పని మొదలుపెడతారో, ఏ గంటకి ఆపుతారో నిజంగా చెప్పండి చాలు. అదే సాక్ష్యం. అది విని నేనూ ఒక గంట ఎంచుకుంటాను. తప్పకుండా రండి.

ఇట్లు,
దొరికిపోయిన యజమాని

తా.క. అమ్మా, ఇది అన్నయ్య చెప్పింది కాదు, నేనే రాస్తున్నాను. ఇంత పిలుపు పిలిచి వేళ చెప్పడం మరిచిపోయాడు. కట్టు వేసినప్పటి నుంచి మధ్యాహ్నం భోంచేసి పడుకుంటే చీకటి పడేదాకా కదలడం లేదు. ఇన్నేళ్లలో వాడు పగటిపూట నిద్రపోవడం నేను ఇప్పుడే చూస్తున్నాను. విచారణ ఆ నిద్రలోనే జరగనిద్దాం. రచయిత్రి గారిని కూడా వెంటబెట్టుకుని రండి. ఆలస్యం కాకుండా ఈ ఉత్తరం ఇవాళే మనిషి చేత పంపిస్తున్నాను. మెట్లు ఎక్కేటప్పుడు చెప్పులు కిందే వదిలేయండి, చప్పుడవుతుంది. రేపు ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు.