గొడుగు పాట, తదితర చరస్థిరాస్తుల విషయమై వీలునామా

విజయవాడ పటమట వాస్తవ్యుడను, కీర్తిశేషులు వెంకటకృష్ణారావుగారి కుమారుడను, ఇబ్రహీంపట్నం విద్యుత్ కేంద్రంలో పద్దుల విభాగం నుండి పదవీ విరమణ చేసినవాడను అయిన ముసునూరి లక్ష్మీకాంత్ అను నేను, అరవై మూడవ యేట, తెలివితోనూ నిలకడైన మనసుతోనూ, ఎవరి బలవంతమూ లేకుండా వ్రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి స్థిరంగా ఉన్నదని డాక్టరుగారు సర్టిఫికెట్ ఇచ్చారు. ఇచ్చే ముందు "మళ్ళీ పాటలు మొదలెట్టారటగా?" అని అడిగి, పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించారు. ఆ ఆలోచనను సర్టిఫికెట్‌లో చేర్చలేదు గనుక చట్టరీత్యా అది జరగనట్టే.

1. గత జూలైలో నేను వ్రాసిన వీలునామా ఇందుమూలంగా రద్దు. అది చేయవలసిన పని చేసేసింది. ఆ పని ఏమిటో అయిదవ అంశంలో చూడవచ్చును.

2. నా కీబోర్డు, దాని స్టాండు, రెండు మైకులు నా మిత్రుడు షబ్బీరుకు చెందవలెను. 1986లో నేను వ్రాసి, బాణీ కట్టి, పాడిన "లాకులు తెరిచారు" అను క్యాసెట్టుకు వాద్య సహకారం ఇతనిదే. ఆ క్యాసెట్టు హనుమాన్ జంక్షన్ బస్టాండులో అరటిపళ్ళ పక్కన అమ్ముడుపోయింది. ఏలూరు దాకా లారీడ్రైవర్లు మా అభిమానులు. తరువాత పెళ్ళిళ్ళకు పెద్ద పెద్ద స్పీకర్లు వచ్చాయి. పెళ్ళివారు స్పీకర్లు చాలు, మనుషులు వద్దన్నారు. నేను ఉద్యోగంలో చేరాను. షబ్బీరు మిక్సీలు బాగుచేసుకున్నాడు. పాతికేళ్ళకు పైగా ఇద్దరం ఒక్క పాట కూడా కట్టలేదు. కలిసినప్పుడల్లా, కట్టకపోవడానికి కారణం ఎవరన్న విషయమై వాదించుకున్నాము. "నీ పాటల్లో ఏడుపెక్కువ భాయ్, లయ తక్కువ" అన్న అతని ఆరోపణను నేను ఇప్పటికీ తిరస్కరిస్తున్నాను. కీబోర్డు ఇవ్వడం ఆ ఆరోపణను అంగీకరించినట్టు కాదు.

3. నా స్కూటరు నా బావమరిది బసవయ్యకు. నన్ను మళ్ళీ పాటల్లోకి దింపినవాడు ఇతడే. అది అతని ఉద్దేశం కాదు. నాలుగేళ్ళ క్రితం వాళ్ళ మామగారి పెద్దకర్మ నాడు వంట ఆలస్యమైంది. వచ్చినవాళ్ళు ఫోటో దగ్గర పూలు వేసి, ఎటు చూడాలో తెలియక కూర్చున్నారు. బసవయ్య మైకు తెచ్చి నా చేతిలో పెట్టి, "మా బావ పాడతాడండీ, పప్పు ఉడికేదాకా" అన్నాడు. పోయిన పెద్దాయన మీద అప్పటికప్పుడు ఓ పాట కట్టి పాడాను. జనం కళ్ళు తుడుచుకున్నారు. పప్పు ఉడికింది.

అటు తరువాత మా డెల్టాలో ఎవరు పోయినా నాకు ఫోను వచ్చేది. ఇందులోని రహస్యం నా గొంతు కాదని మనవి. మా వైపు పెళ్ళికి వెళ్ళకపోతే ఏదో పనుందనుకుంటారు. పెద్దకర్మకు వెళ్ళకపోతే మనవల తరం దాకా గుర్తుపెట్టుకుంటారు. వెళ్ళినవాళ్ళు భోజనం చేయకుండా లేవరు. ఇంతటి క్రమశిక్షణ గల శ్రోతలు ఏ సంగీత సభకూ దొరకరు. కైకలూరు పెద్దమనిషి ఒకరు తమ పాటను ముందుగానే వ్రాయించుకుని, ఫోనులో విని, "రెండో చరణంలో మా చేపల చెరువు రాలేదేంటండీ?" అని నిలదీశారు. చెరువును చేర్చాను. పాట విన్నప్పటి నుండి ఆయన ఆరోగ్యం బాగుపడింది. ఆ పాట నా దగ్గరే పెండింగులో ఉన్నది.

4. పటమటలోని మా ఇల్లు సర్వహక్కులతో నా భార్య శివపార్వతికి చెందవలెను. గొడుగు పాట ఈమె మీద వ్రాసినది. పెళ్ళయిన కొత్తలో బెంజి సర్కిల్ దగ్గర మేమిద్దరం వానలో తడిసిన సందర్భం. పల్లవి ఇది:

గొడుగు మరచి వచ్చావు,
వాన నిన్ను మరవలేదు.

రెండవసారి పాటల్లోకి వచ్చాక, చావు ప్రసక్తి లేకుండా నేను వ్రాసిన పాట ఇదొక్కటే. "నేనెక్కడ మరిచానండీ? మీరేగా బస్సులో వదిలేసింది" అని ఈమె అభ్యంతరం. విచారించి కొట్టివేశాను. ఇల్లు మాత్రం ఈమెదే.

ఈ పాటను ఒక్కసారి, పాటగా, జనం ముందు పాడాలన్నది నా కోరిక. అది తీరే దారి కనబడలేదు. పెద్దకర్మల్లో పాడితే, "పాపం, ఆయనకు గొడుగంటే ప్రాణం" అని వెనక వరుసలో ముక్కు చీదేవారు. గన్నవరంలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "పిడుగు పడిందా అండీ?" అని అడిగింది. అపార్టుమెంటు వాళ్ళ వార్షికోత్సవంలో పాడబోతే, సెక్రటరీ పరుగున వచ్చి, ఏ ఫ్లాటులో ఎవరు పోయారని కంగారుపడ్డారు. నన్ను చూస్తేనే ఊరివాళ్ళు చెప్పులు విప్పి, గొంతు తగ్గించే పరిస్థితి వచ్చింది.

5. ఈ వీలునామాను అమలుపరచవలసినది షబ్బీరు కుమార్తె, న్యాయవాది నసీమా. జూలై వీలునామా వ్రాసిపెట్టినది ఈమే. నేను బతికుండగా ఒక సభ పెట్టి గొడుగు పాట పాడతాననీ, చివరిదాకా కుర్చీలో కూర్చున్న బంధువులకే నా ఆస్తి చెందుతుందనీ అందులో షరతు. "అంకుల్, ఇది కోర్టులో నిలబడదు" అన్నది. కోర్టులో నిలబడనక్కరలేదు తల్లీ, హాలులో వాళ్ళు కూర్చుంటే చాలునన్నాను. ఫీజు తీసుకోలేదు. నా పాటల పుస్తకాలన్నీ ఈమెవే.

6. ఫ్లెక్సీల దుకాణం ఆమోసుకు ఏమీ లేదు. సాక్షి సంతకం చేస్తున్నాడు గనుక ఇవ్వకూడదని నసీమా అన్నది. కూడినా ఇచ్చేవాణ్ణి కాదు. మా వైపు పెద్దకర్మ ఫ్లెక్సీలన్నీ ఇతనే వేస్తాడు. నా పేరు చెబితే ఇతని కంప్యూటరుకు పెద్దకర్మ నమూనా ఒక్కటే తెలుసు. అందుచేత నా సంగీత సభకు నా ఫోటో, చుట్టూ పూలదండ, కింద రెండు దీపాలు వేసి, పటమట సెంటరులో కట్టించాడు. అడిగితే, "పోయిన తేదీ వెయ్యలేదుగా సార్" అన్నాడు.

7. నా గొంతు మీదా, పాత క్యాసెట్టు మీదా గల హక్కులు నా కుమార్తె కీర్తనకు. కారణం ఆ సభలో ఉన్నది. గత నెల రెండో ఆదివారం మధ్యాహ్నం చిన్న ఫంక్షను హాలు నిండిపోయింది. బంధువులు షరతు వల్లా, ఊరివాళ్ళు ఫ్లెక్సీ వల్లా వచ్చారు. గుమ్మంలో నేను నిలబడి నమస్కారం పెడుతుంటే కొందరు నిరుత్సాహపడ్డారు. నాతో పనిచేసిన ఒకాయన నన్ను కావలించుకుని, "ధైర్యంగా ఉండాలి లక్ష్మీకాంత్‌గారూ" అని నన్నే ఓదార్చి, లోపలికి వెళ్ళి వేదిక పక్కన పెట్టిన నా ఫోటో ముందు పూలు వేశారు. షబ్బీరు శ్రుతి అందుకున్నాడు. పల్లవి కాకముందే మూడో వరుస నుండి, "ఇంతకీ ఎవరండీ పోయింది?" అన్న ప్రశ్న వచ్చింది. కీర్తన బ్యాంకులో పనిచేస్తుంది. కౌంటరులో కూడా గొంతు పెంచదు. నా చేతిలో మైకు లాక్కుని, "ఎవరూ పోలేదండీ! మా నాన్న పాడుతున్నాడు. అంతే. వినండి!" అన్నది. నా మీద ఇంతవరకు వచ్చిన సమీక్షలలో ఇదే ఉత్తమమైనది.

విన్నారు. మూడు చరణాలూ పాడాను. బంధువులెవరూ లేవలేదు. వాళ్ళను లెక్కలోకి తీసుకోవడం న్యాయం కాదు, షరతు ఉన్నది గదా. ఊరివాళ్ళను కూడా తీసుకోలేను, భోజనాలు ఇంకా వడ్డించలేదు.

8. గొడుగు పాట, దాని బాణీ, ఆ పాటను నేను మళ్ళీ పాడవలసి మిగిలిన ఒక విడత, ఈ క్రింద వివరించిన వ్యక్తికి చెందవలెను.

పాట అయ్యాక హాలు నిశ్శబ్దమైంది. పెద్దకర్మలలో నేను ఎరిగిన నిశ్శబ్దమే. అప్పుడు చిట్టచివరి వరుస నుండి ఒక ఆడగొంతు, "మళ్ళీ పాడండి" అన్నది. పోయినవాళ్ళ పాటను ఎవరూ మళ్ళీ పాడమనరు. నాలుగేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు. నేను మైకు ఎత్తేలోపే హాలు మేనేజరు కరెంటు తీయించాడు. తరువాతి వాళ్ళ సీమంతానికి కుర్చీలు సర్దాలట. ఈలోగా వడ్డన మొదలై జనం లేచారు. వెళ్ళి చూసేసరికి ఆ కుర్చీ ఖాళీగా ఉన్నది.

సదరు వ్యక్తి పేరు, ఊరు తెలియవు. లేతాకుపచ్చ చీర. చేతులు కడుక్కునే చోటికి దగ్గరగా కూర్చున్నది. మాకు బంధువు కాదు; బసవయ్య అందరినీ అడిగి చూశాడు. సీమంతానికి ముందుగా వచ్చిన మనిషి అయి ఉండవచ్చునని శివపార్వతి అభిప్రాయం. అదే నిజమైతే, నా సంగతీ ఫ్లెక్సీ సంగతీ ఏమీ తెలియకుండా వినడం వల్లనే అడిగి ఉండాలి.

నసీమా ఈమెను వెదకవలెను. వీలునామాలోని మిగతా అంశాలన్నీ నా మరణానంతరం అమలులోకి వస్తాయి. ఈ ఎనిమిదవ అంశం ఈ రోజు నుండే అమలులోకి వస్తుంది. ఆచూకీ దొరికిన వెంటనే ముందుగా నాకు ఫోను చేయవలెను. ఏ ఊరైనా సరే, నేనూ షబ్బీరూ వెళ్ళి, వాళ్ళ వరండాలో కూర్చుని పాడి వస్తాము. భోజనం పెట్టనక్కరలేదు.

పైన వ్రాసినదంతా చదివించుకుని విని, ఒక చోట ఆపించి గొంతు సవరించుకుని, సమ్మతించి సంతకం చేశాను.

విజయవాడ, 2025 నవంబరు 17, సోమవారం

(సం.) ముసునూరి లక్ష్మీకాంత్
గాయకుడు, గీత రచయిత

సాక్షులు:
1. ఆమోసు, ఫ్లెక్సీ ప్రింటింగ్, పటమట
2. సంపూర్ణమ్మ, పై వాటా, పటమట