రెండు చేతుల బండి

ఐన్ ఖాలిద్, దోహా
సెప్టెంబరు 1996, శుక్రవారం

పూజ్యులైన నాన్నగారికి,

మీ అమ్మాయి ఫెబి ప్రభువు పేరిట చేతులు జోడించి రాసుకుంటున్నది. ఆయన దయవల్ల ఇక్కడ మేమిద్దరం కులాసాగా ఉన్నాం. మీ మోకాలి నొప్పి తగ్గిందనీ, తమ్ముడు ఆస్టిన్ సైకిల్ షాపు బాగా నడుస్తోందనీ, అక్కడ అందరూ క్షేమమనీ తలుస్తాను. ఇక్కడ శుక్రవారమే మనకు ఆదివారం. పొద్దున్నే ప్రార్థనకి వెళ్ళొచ్చి, వంట ముగించి, మీకు రాద్దామని కూర్చున్నాను. రాజ్ కిరణ్ అల్ ఖోర్ వైపు డ్యూటీ నుంచి నిన్న సాయంత్రమే వచ్చాడు. పక్కగదిలో నిద్రపోతున్నాడు.

మీ ఉత్తరం మొన్న అందింది. ఇక్కడ ఇంటికి పోస్టుమాన్ రాడు కదా, కంపెనీ పోస్టుబాక్సులోంచి డ్రైవరు తెచ్చి నా టైపు మిషను పక్కన పెట్టాడు. మిగతా నాన్నలు కూతుళ్ళకి వేళకి తింటున్నావా అని రాస్తారు. మా నాన్నగారు మాత్రం ముందు వించి ఉందా, టాపు రేకుదా గుడ్డదా అని రాస్తారు. నవ్వుకున్నాను లెండి. దెప్పడం కాదు. నేను రాజ్ కిరణ్‌ని, ఒక క్యాథలిక్ ఆర్.సి.ఎం. అబ్బాయిని చేసుకున్నానని, లూథరన్ సంఘ పెద్ద అయిన మీరు నాలుగేళ్ళు నాకు ఒక్క ముక్క రాయలేదు. నేను రాసినవన్నీ గోడకి చెప్పుకున్నట్టే అయ్యాయి. పోయిన క్రిస్మస్‌కి, మా గ్యారేజీలోకి అమెరికా మిలటరీ వాళ్ళ పాత బ్రేక్‌డౌన్ లారీ ఒకటి వచ్చింది, అచ్చం కాలవల వర్క్‌షాపులో మీరు నడిపిన బండిలాగే ఉంది అని రాసేసరికి నెల తిరక్కుండా జవాబు వచ్చింది. అందులో అమ్మా అన్న పిలుపు కూడా లేదు. బరువులెత్తే ఇనప చేతుల గురించి, "బూములు రెండేనా?" అని మాత్రం ఉంది. నాకు అదే పదివేలు.

ఆస్టిన్ కూడా రాశాడు. మీ పాస్‌పోర్టు వచ్చేసిందటగా! ఫోటోలో ఎవరినో కొట్టబోతున్నట్టు చూస్తున్నారట. "నా బండి కతర్‌లో తేలింది, చూసొస్తాను" అని కాలవల వర్క్‌షాపులో మీ పాత స్నేహితులందరికీ చెప్పి తిరుగుతున్నారట. వీసాకి కావలసినవన్నీ రాజ్ కిరణ్ సిద్ధం చేసి పెట్టాడు. మీరు ఊ అంటే చాలు. అందుకే ఈ ఉత్తరం రాయాలంటే నిన్నటిదాకా ఎంత భయపడ్డానో. ఇది చదివాక మీరు వస్తారో, పాస్‌పోర్టు తీసుకెళ్ళి ట్రంకుపెట్టె అడుగున పడేస్తారో తెలియలేదు. సరే, ముందు మీ ప్రశ్నలకి జవాబులు చెప్తాను.

ముందు వించి ఉంది. బంపరు వెనకాల నిబ్బరంగా కూర్చుని ఉంది. బళ్ళని లాగే దాని ఇనప తాడు మాత్రం తుప్పు పట్టి చేత్తో ముట్టుకుంటే పొడి రాలుతోంది. టాపు గుడ్డదే. ఇక్కడి ఎండకి చిరిగి పేలికలై, గాలి వస్తే తపతపా కొట్టుకుంటుంది. స్టీరింగు ఎడమవైపే. వెనక ఇరుసులు రెండు, ఒక్కో పక్క జోడు చక్రాలు, మీరు చెప్పినట్టే. ఇంతవరకూ అన్నీ నిజాలే నాన్నా.

మీ ఆఖరి ప్రశ్నకి జవాబు చివర్లో చెప్తాను. కోప్పడకండి.

అసలు ఈ బండి ఇక్కడికెందుకు వచ్చిందని అడిగారు. మా యజమాని బూ నాసర్ ముసలాయన. మెసైమీర్ అవతల తోట ఉంది. పాత మిలటరీ బళ్ళు ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి ఖర్జూరం చెట్ల కింద నిలబెట్టుకుంటాడు. సాయంత్రం పూట వాటి మధ్య కుర్చీ వేసుకుని, పాలిచ్చే పశువుల్ని చూసుకున్నట్టు చూసుకుంటూ టీ తాగుతాడు. ప్రతి బండి ముందూ దాని పేరూ పుట్టుకా రాసిన బోర్డు ఉండాలి. అది టైపు చెయ్యడం నా పని. ఈ బండికి ఉండాల్సిన పేరు రేకు ఎవరో ఊడబెరుక్కుపోయారు. ఒకే పోలికలో ఉన్న అన్నదమ్ములు ముగ్గురున్నారట: ఎం 62, ఎం 246, ఎం 543. ముగ్గురిలో వీడెవడో తేలేదాకా బోర్డు లేదు.

మా మేస్త్రీ ఇక్రాముద్దీన్ భాయ్‌ది నిజామాబాదు. నేను మెకానిక్కు కూతుర్నని ఆయనకి నా మీద ఓ అభిమానం. పోయిన వారం ఆఫీసు గుమ్మం దగ్గరికొచ్చి కేకేశాడు.

"యల్లా బేటీ, జర బయటికి రా. నీ బోర్డు సంగతి ఇయ్యాల తేల్చేద్దాం. వీపు మీద ట్రైలర్ తగిలిచ్చే పళ్ళెం కనిపిస్తున్నదా?"

"లేదు భాయ్."

"అయితే రెండు వందల నలభై ఆరు మాఫీ, గది కానే కాదు. గదైతే ట్రైలర్‌ను గుంజుతది. ఇగ ఇంజన్ చూడు. అరవై రెండైతే పెట్రోల్ తప్ప ఏం ముట్టది. గిది డీజిల్ పోసినా తాగుతది, కిరోసిన్ పోసినా తాగుతది. గిసొంటి ఇంజన్ ఐదు వందల నలభై మూడుకే, గది గూడ ఆఖరికి వచ్చిన రకానికే."

"మరి ఇంజను తర్వాత ఎవరైనా మార్చి ఉంటే?"

"శభాష్! మెకానిక్ బిడ్డవే" అని నవ్వి, ఇంజను కూర్చున్న దిమ్మలూ, వాటి బోల్టులూ, క్రేను మీద దాన్ని చేసినవాళ్ళ ముద్రా అన్నీ చూపించాడు. ఏవీ తర్వాత కదిపినవి కావు. తర్వాత స్టార్టు చేశాడు. ఇన్నాళ్ళకి దగ్గర్నుంచి విన్నాను, ఆ బండి ఈల వేస్తుంది నాన్నా! నిజం. పొగగొట్టంలోంచి సన్నటి ఈల లేచి, రేకుల షెడ్డంతా నిండి, ఎటో ఇసుకలోకి వెళ్ళిపోయింది. నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

ఆ మధ్యాహ్నం దుమ్ము లేచింది. ఇక్కడ దుమ్ము లేచినప్పుడు ఆకాశం ఎక్కడో నేల ఎక్కడో తెలియదు, అంతా పాలలో ముంచినట్టే ఉంటుంది. అందరూ అన్నాలు తిని షెడ్డులో నడుం వాల్చారు. నేను ఎవరూ చూడకుండా బండి క్యాబులోకి ఎక్కి కూర్చున్నాను. సీటు ఇనపవాసన, గ్రీజు వాసన. అచ్చం మీ ఖాకీ చొక్కా వాసన. గుడ్డ టాపు తపతపలాడుతుంటే కళ్ళు మూసుకుపోయాయి. అంతే, ఇసుక కాలవైపోయింది. నిండుకాలవ. బస్సు ఒకటి ముక్కు ముంచి పడుంది. గట్టు మీద జనం మూగి చూస్తున్నారు. మీరు టోపీ తీసి గుండెకి ఆనించుకుని చిన్న ప్రార్థన చేశారు. మీరు ప్రార్థన చేయకుండా కొక్కెం తగిలించగా నేనెప్పుడూ చూడలేదు. బండి రెండు చేతులూ రెండు పక్కలకి వాలాయి. ఒకటి గట్టున చెట్టుకి కట్టుకుని నిలదొక్కుకుంది, రెండోది బస్సుని లాగింది. కిటికీల్లోంచి నీళ్ళు కారుకుంటూ బస్సు మెల్లగా, ఎంతో మెల్లగా లేచింది. అమ్మ క్యారేజీ పట్టుకుని గట్టు మీద నిలబడి "చల్లారిపోతోందయ్యా, తినేసి లాగుదురుగాని" అంటోంది. అమ్మ గొంతు అంత స్పష్టంగా విని ఎన్నేళ్ళయిందో. మెలకువ వచ్చేసరికి పెదాల మీద ఇసుక. చాలాసేపు దిగబుద్ధి కాలేదు.

దిగాక పైకి చూశాను. ఒక్కటే చెయ్యి ఆకాశంలోకి లేచి ఉంది. ఇక దాచలేను నాన్నా.

మీ ఆఖరి ప్రశ్న ఇది: "ఈస్టరు ముందు రాసిన ఉత్తరంలో, బూము ఒక కారుని ఎత్తి గుండ్రంగా తిరిగి అవతల పెట్టిందన్నావు. మన బండి బూములు పక్కలకి వాలతాయి గానీ చుట్టూ తిరగవు. అప్పటినుంచీ అడుగుదామనుకుంటున్నాను. ఏమిటమ్మా సంగతి?"

సంగతి ఏముంది. ఇది మీ బండి కాదు. మీ బండి పెద్దయుద్ధం నాటిది, రెండు బూముల డైమండ్ టి లారీ. ఇది దాని తర్వాత పుట్టింది, బూము ఒకటే. నాకు మొదటి రోజే తెలుసు. రెండు చేతుల బండి ఒళ్ళో పెరిగినదాన్ని, తెలియకపోవడమేమిటి? "బూములు రెండేనా?" అని మీరు అడిగిన రోజు, ఒకటే అని రాస్తే మళ్ళీ నాలుగేళ్ళు ఊరుకుంటారేమోనని హడలిపోయాను. "రెండే" అని రాసేశాను. ఆ తర్వాత మీరు అడిగినవాటికల్లా నిజాలే ఏరి ఏరి చెబుతూ వచ్చాను. క్రేను తిరగడం చూసిన సంబరంలో మాత్రం ఒళ్ళు మరిచి రాసేశాను. మీ చేతికి అలా దొరికిపోయాను.

మీ ఉత్తరం చదివి మొన్న రాత్రి అన్నం సయించలేదు. అయిపోయింది, ఇక రారు అనుకున్నాను. ఈ పొద్దున ప్రార్థనలో పాట పాడుతుండగా ఉన్నట్టుండి తట్టింది. నా ఈస్టరు ఉత్తరం మీకు ఏప్రిల్లోనే అందింది. అందులో బూము గుండ్రంగా తిరిగింది. మీరు పాస్‌పోర్టుకి అర్జీ పెట్టింది బడులు తెరిచాక, జూన్‌లో అని ఆస్టిన్ రాశాడు. అంటే అర్జీ పెట్టేనాటికే ఇది మీ బండి కాదని మీకు తెలుసు. తెలిసే ఎండలో లైన్లో నిలబడ్డారు. తెలిసే ఊళ్ళో అందరికీ "నా బండి" అని చెప్పుకు తిరుగుతున్నారు. నా పాట మధ్యలో ఆగిపోయింది. పక్కన రాజ్ కిరణ్ కంగారుపడి "ఏమైంది ఫెబీ?" అన్నాడు. "నాన్న వస్తున్నారు" అన్నాను. 

బోర్డు మీద ఎం 543 అని నిన్ననే టైపు చేశాను. మీరు వచ్చి సరిచూడండి. స్టార్టు చేసి ఈల వినిపిస్తానని ఇక్రాముద్దీన్ భాయ్ మాటిచ్చాడు.

ఇక, కాగితం అంచున పెన్సిలుతో అడ్డంగా రాసి, మళ్ళీ సగం చెరిపేశారే, "ఆ అబ్బాయికి రొయ్యల పచ్చడి పడుతుందా?" అని. దాన్ని రాజ్ కిరణ్‌కి చూపించాను. చదివి బాల్కనీలోకి వెళ్ళిపోయి చాలాసేపు లోపలికి రాలేదు. పడుతుంది నాన్నా. కారం కొంచెం తగ్గించి, పెద్ద సీసానే తెండి.

ఇట్లు,
బండి ఏదైనా, మీ అమ్మాయి
ఫెబి