గుంట వదలని సభ్యుడు

ఒటాగో, 1884

లోవెడీ అక్కా, నేను క్షేమమే. శాసనసభకు నెగ్గాను, కానీ ఊళ్లో అప్పుడే చాటకు. పదేళ్లుగా నాతో మాటల్లేని పాస్కో కూడా నాకే ఓటేశానని నన్ను భుజాలకెత్తుకున్నాడు. "నువ్వు వెల్లింగ్టన్‌లో దర్జాగా కూర్చోరా జాగో, నీ బంగారు గుంట సంగతి మేం చూసుకుంటాంలే" అన్నాడు. ఇక్కడ మనిషి లేక పని ఆగిన గుంటకు ఎవరైనా నాలుగు మూలలా గూటాలు పాతి తమదనొచ్చు. వాడి గుడారం ముందు కొత్తగా చెక్కిన గూటాలు నాలుగున్నాయి. అడిగితే కోళ్ల దొడ్డికన్నాడు. వాడికి కోళ్లే లేవు.

నా బదులు గుంటలో పని చేయడానికి బావను వెంటనే ఓడెక్కించు. అమ్మ దగ్గు తగ్గిందా? ఉన్ని మేజోళ్లు పంపు. పిల్లలకు దీవెనలు. సభలో ప్రమాణానికి రమ్మని మూడుసార్లు కబురొచ్చింది. నేను గుంటలోనే కూర్చుని ఈ కార్డు రాస్తున్నాను.

నీ తమ్ముడు జాగో